36 శాతంతో గెలిచినాయన, 39 శాతంతో ఓడినాయన

2003 అక్టోబర్ మొదటి వారం నాకు బాగా గుర్తు. అప్పుడు నేను కాలిఫోర్నియాలో ఆన్‌సైట్‌లో ఉన్నాను. 1వ తేదీన అలిపిరి దగ్గర చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతరలు పేలాయి. ఆయన గాయాలతో బయటపడ్డారు. సరిగ్గా ఆరు రోజులకి, 7వ తేదీన, కాలిఫోర్నియా జనం తమ గవర్నర్ గ్రే డేవిస్‌ని పదవీకాలం పూర్తికాకుండానే ఓటేసి మరీ ఇంటికి పంపేశారు. (అక్కడ గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు. మన ముఖ్యమంత్రి లాంటివాడు, జనం ఎన్నుకుంటారు.) ఆ వారమంతా లంచ్ టేబుల్ దగ్గర మా తెలుగువాళ్ళం ఈ రెండు కబుర్లే కలిపి మాట్లాడుకున్నాం. "డేవిస్ అంటే జనానికి పడదు కాబట్టి పోయాడు, మన బాబుకి ఇప్పుడు సానుభూతి వస్తుంది, మళ్ళీ ఆయనే" అని తేల్చేశాం కూడా. టేబుల్ చుట్టూ కూర్చున్నది అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. మాకు వేరే జవాబు ఎలా తోస్తుంది చెప్పండి?

బాబుగారికీ అలాగే తోచినట్టుంది. నవంబర్లో అసెంబ్లీ రద్దు చేశారు. 2004 ఏప్రిల్లో ఎన్నికలు జరిగాయి. 294 సీట్లలో తెలుగుదేశానికి 47 వచ్చాయి.

అప్పట్నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. జనానికి మొహం మొత్తిన ముఖ్యమంత్రి మళ్ళీ గెలుస్తాడా లేదా అనేది ముందే ఎలా తెలుస్తుంది? సర్వేలు చూస్తే తెలుస్తుందా? ఇరవయ్యేళ్ళుగా ప్రతి ఎన్నికకీ అంకెలు రాసిపెట్టుకుంటూ వచ్చాను. మాది శ్రీకాకుళం జిల్లా కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం నా ప్రయోగశాల. 2009 నుంచి ఈ రెండు పాత జిల్లాల్లో కలిపి 19 అసెంబ్లీ సీట్లు, 10 అక్కడ, 9 ఇక్కడ. (2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చి లెక్కలు మారాయి. సౌకర్యం కోసం నేను పాత హద్దులే వాడుతున్నాను.)

ముందు రాష్ట్రం లెక్క చూడండి. కుర్చీలో ఉండి మళ్ళీ ఓటడిగిన ముఖ్యమంత్రుల పార్టీలకి వచ్చిన ఓట్లు, సీట్లు ఇవి.

2004, చంద్రబాబు: 37.6 శాతం ఓట్లు, 294లో 47 సీట్లు. ఓటమి.
2009, రాజశేఖరరెడ్డి: 36.6 శాతం ఓట్లు, 294లో 156 సీట్లు. గెలుపు.
2019, చంద్రబాబు: 39.2 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. ఓటమి.
2024, జగన్: 39.4 శాతం ఓట్లు, 175లో 11 సీట్లు. ఓటమి.

ఇంకోసారి చూడండి. నాలుగుసార్లలో గెలిచింది ఒక్కసారే, అప్పుడే అన్నిటికన్నా తక్కువ ఓట్లు వచ్చాయి! ఈ నాలుగు వరుసలు మొదటిసారి పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఎక్కడో కాలమ్ తారుమారు చేశాననుకుని మళ్ళీ సరిచూసుకున్నాను. తప్పేం లేదు. పదిమందిలో ఆరుగురికి పైగా వద్దన్నా 2009లో రాజశేఖరరెడ్డి గెలిచారు. 2024లో ఆయన కొడుకుకి అంతకన్నా దాదాపు మూడు శాతం ఎక్కువ వచ్చినా, అసెంబ్లీలో ప్రతిపక్ష హోదాకి సరిపడా సీట్లు కూడా దక్కలేదు.

అంటే "ముఖ్యమంత్రి మీద వ్యతిరేకత ఎంతుంది?" అనే ప్రశ్నే సగం ప్రశ్న. వ్యతిరేకత నాలుగుసార్లూ దాదాపు ఒకే కొలతలో ఉంది. మిగతా సగం ఏమిటంటే, ఆ వ్యతిరేకత అంతా బయటికి రావడానికి గుమ్మాలు ఎన్ని ఉన్నాయి? ఒకటా, రెండా?

2009 సంగతే తీసుకోండి. ఇప్పుడు వెనక్కి చూస్తే రాజశేఖరరెడ్డి ఓడిపోవడం అనే మాటే వింతగా ఉంటుంది. కానీ ఆ ఏప్రిల్లో పరిస్థితి అలా లేదు. తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం కలిసి మహాకూటమి కట్టాయి. అంతకు ముందు ఆగస్టులో చిరంజీవి తిరుపతిలో ప్రజారాజ్యం పెట్టారు. ఫలితాలు వచ్చాక చూస్తే మహాకూటమికి అంతా కలిపి 35 శాతం దగ్గర, ప్రజారాజ్యానికి 16 శాతం. రెండూ కలిపితే 51! ఆ సగం రాష్ట్రం రెండు గుమ్మాల్లోంచి బయటికి రావాలని చూసింది, రెండూ ఇరుకైపోయాయి. మా రెండు జిల్లాల్లో ప్రజారాజ్యానికి ఒక్క సీటు కూడా రాలేదు. కాంగ్రెస్‌కి మాత్రం శ్రీకాకుళంలో పదికి తొమ్మిది, విజయనగరంలో తొమ్మిదికి ఏడు వచ్చాయి.

ఇక్కడ ఎర్రన్నాయుడి కథ చెప్పుకోవాలి. 1996, 1998, 1999, 2004 - నాలుగుసార్లు వరసగా శ్రీకాకుళం ఎంపీ. 2004లో రాష్ట్రమంతా తెలుగుదేశం కొట్టుకుపోయి 42 లోక్‌సభ సీట్లలో ఐదు మిగిలితే, ఆ ఐదింట్లో శ్రీకాకుళం ఒకటి. అంత గాలికి నిలబడ్డ మనిషి 2009లో కిల్లి కృపారాణి చేతిలో ఓడిపోయారు. 2004లో ఆయనది అధికార పార్టీ, 2009లో ప్రతిపక్షం. మామూలు లెక్క ప్రకారం తిరగబడాలి కదా. తిరగబడలేదంటే 2004కీ 2009కీ మధ్య మారిన పెద్ద విషయం ఒకటే, మూడో పార్టీ.

ఇప్పుడు గ్రే డేవిస్ దగ్గరికి వెళ్దాం. మేం లంచ్ టేబుల్ దగ్గర అనుకున్నట్టు 2003లో ఆయన కొత్తగా చెడ్డవాడు కాలేదు. కరెంటు సంక్షోభం, కోతలు 2000-01లోనే వచ్చాయి. 2002 నాటికే జనానికి ఆయనంటే పడేది కాదు. అయినా 2002 నవంబర్లో 47 శాతంతో మళ్ళీ గెలిచాడు! ఎలాగంటే, రిపబ్లికన్ల ప్రైమరీలో కాస్త బలమైన రియోర్డన్ మీద డెమొక్రాట్ అయిన ఈయన తన ప్రచార నిధులు తగలేసి ప్రకటనలు ఇచ్చాడు. దాంతో ఆయన పోయి బిల్ సైమన్ అనే బలహీనుడు ఎదుటికొచ్చాడు. "నేను నచ్చకపోతే సరే, వీడు నచ్చుతాడా?" అని అడిగి గెలిచాడన్నమాట. పదకొండు నెలల తర్వాత రీకాల్ బ్యాలెట్ మీద మొదటి ప్రశ్నలో సైమన్ లేడు, ఎవరూ లేరు. "డేవిస్‌ని తీసెయ్యాలా, వద్దా?" అంతే. 55 శాతం తీసెయ్యమన్నారు. తర్వాత ఎవరు రావాలన్నది రెండో ప్రశ్న. దానికి 135 మంది పోటీపడితే ష్వార్జ్‌నెగర్ గెలిచాడు.

అదే మనిషి, అవే కోపాలు. మొదటిసారి కోపం చీలిపోయింది, రెండోసారి అంతా ఒకే గుమ్మం దగ్గరికి చేరింది.

మన 2004లో కూడా జరిగింది ఇదే. అప్పటికి కరెంటు ఛార్జీలు, 2000 ఆగస్టులో బషీర్‌బాగ్ కాల్పులు, వరస కరువు - కారణాలు చాలానే ఉన్నాయి. 2003 వేసవిలో రాజశేఖరరెడ్డి చేవెళ్ళలో మొదలెట్టి మా జిల్లా చివర ఇచ్ఛాపురం దాకా నడిచారు. కానీ ఓట్లు చూస్తే కాంగ్రెస్‌కి ఒంటరిగా వచ్చింది 38.6 శాతం. తెలుగుదేశం కన్నా ఒక్క శాతం ఎక్కువ, అంతే. పొత్తులో టీఆర్ఎస్, కమ్యూనిస్టులు ఉండబట్టి ఆ ఒక్క శాతం 185 సీట్లయి కూర్చుంది.

మరి 2019? ఇక్కడ నా సూత్రానికి అడ్డం పడేవాళ్ళుంటారు. "జనసేన విడిగా పోటీ చేసింది కదా, రెండు గుమ్మాలున్నాయి కదా, మరి బాబు ఎందుకు గెలవలేదు?" అని. నిజమే. కానీ జనసేనకి వచ్చింది ఐదున్నర శాతం. కాంగ్రెస్‌కి, బీజేపీకి వచ్చిన ఓట్లు విడివిడిగా చూస్తే నోటాకి వచ్చిన 1.28 శాతం కన్నా తక్కువ! రెండో గుమ్మం పేరుకే ఉంది, జనం అటు వెళ్ళలేదు. బాబు మీద కోపమున్నవాళ్ళు దాదాపు అందరూ జగన్ వైపే వెళ్ళారు. దాదాపు 50 శాతం ఓట్లు, 151 సీట్లు. మా 19లో 17. మిగిలిన రెండూ టెక్కలి, ఇచ్ఛాపురం. ఆ జనవరిలో జగన్ తన 3,648 కిలోమీటర్ల పాదయాత్ర ముగించిన ఊరు ఇచ్ఛాపురమే! అక్కడ మాత్రం తెలుగుదేశం గెలిచింది. మా ఉత్తరాంధ్ర వాళ్ళ తీరు అలాగే ఉంటుంది లెండి.

ఈ సంగతి పలాస చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. చంద్రబాబు పలాసలోనే మకాం వేసి సహాయం పనులు చూశారు. ముఖ్యమంత్రి మా జిల్లాలో అన్ని రోజులు ఉండడం మామూలు విషయం కాదు. ఆరు నెలలకి పలాస వైసీపీ చేతికి వెళ్ళింది, సీదిరి అప్పలరాజు గెలిచి తర్వాత మంత్రి కూడా అయ్యారు. జగన్ వచ్చాక ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, రిసెర్చ్ సెంటర్ కట్టారు, ఊళ్ళకి మంచినీళ్ళు తెచ్చే పథకం పెట్టారు. 2023 డిసెంబర్ 14న స్వయంగా వచ్చి రెండూ ప్రారంభించారు. దశాబ్దాలుగా ఎవరూ సరిగ్గా పట్టించుకోని సమస్య అది, ఆ పని మంచిదే అని ఏ పార్టీవాడైనా ఒప్పుకోవాలి. ఆరు నెలలకి పలాస తెలుగుదేశం చేతికి వచ్చింది, గౌతు శిరీష గెలిచారు.

దీన్ని చూసి హైదరాబాద్‌లో కూర్చుని "జనానికి కృతజ్ఞత లేదు" అనేవాళ్ళని విన్నాను. నాకు మాత్రం అలా అనిపించదు. ఆసుపత్రి కట్టడం ప్రభుత్వం పని. డెలివరీ సమయానికి ఇచ్చిన ప్రాజెక్టుకి జీతం కాకుండా ఓటు కూడా కావాలంటే ఎలా? పలాస ఓటరు ఆ పనికి మార్కులు వెయ్యలేదని కాదు, ఆ మార్కులు వేరే పేపర్లో వేశాడు. ఎన్నికల పేపర్లో ప్రశ్నలు వేరే ఉన్నాయి.

ఇక 2024. ఈ గుమ్మం ఎలా తయారైందో తేదీలు వేసి చెప్పుకోవచ్చు. 2022 మార్చిలో ఇప్పటం సభలో పవన్ కల్యాణ్ ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని చెప్పారు. అప్పటికి అది ఉపన్యాసంలో ఒక మాట మాత్రమే. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మూడు పాత జిల్లాల డిగ్రీ హోల్డర్లు ఓటర్లు. ఆ ఎన్నికలో ఓటు ఒకటితో ఆగక్కర్లేదు, 1, 2, 3 అని ప్రాధాన్యం రాయొచ్చు. తెలుగుదేశం, వామపక్షాల పీడీఎఫ్ రెండో ప్రాధాన్యం ఓట్లు ఒకరికొకరు ఇచ్చుకోవాలని ముందే అనుకున్నారు. తెలుగుదేశం అభ్యర్థి వేపాడ చిరంజీవిరావు గెలిచారు. విశాఖని రాజధాని చేస్తామని ప్రభుత్వం చెబుతున్న రోజుల్లో, ఆ విశాఖ చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళు ఇచ్చిన తీర్పు ఇది. ఇంతకన్నా నికార్సైన సర్వే ఏముంటుంది? శాంపిల్ కాదు, నిజం ఓట్లు! కానీ అధికార పార్టీవాళ్ళు పట్టభద్రులు సమాజంలో చిన్న భాగమే, మా ఓటర్లు వేరే అని సర్దిచెప్పుకున్నారు. "వై నాట్ 175" అంటూనే ఉన్నారు.

ఆ సెప్టెంబర్ 9న చంద్రబాబుని అరెస్ట్ చేశారు. ఐదు రోజుల తర్వాత రాజమండ్రి జైలు బయట నిలబడి పవన్ కల్యాణ్ పొత్తు ప్రకటించారు. 2024 మార్చిలో బీజేపీ కలిసింది. డేవిస్ తన ఎదుటివాణ్ణి తనే ఎంచుకుని గెలిచాడని చెప్పానే, ఇక్కడ దానికి సరిగ్గా ఉల్టా. ఎదుటివాళ్ళు కలవడానికి ఇంకా తటపటాయిస్తుంటే ముహూర్తం పెట్టించింది ప్రభుత్వమే.

ఫలితం మీకు తెలిసిందే. మా 19కి 19 కూటమికే. శాసనసభ స్పీకర్ తమ్మినేని సీతారాం ఆమదాలవలసలో ఓడారు. డిప్యూటీ స్పీకర్ కోలగట్ల వీరభద్రస్వామి విజయనగరంలో ఓడారు. మంత్రులు బొత్స సత్యనారాయణ చీపురుపల్లిలో, ధర్మాన ప్రసాదరావు శ్రీకాకుళంలో, సీదిరి పలాసలో, రాజన్నదొర సాలూరులో ఓడారు. చీపురుపల్లి 2004 నుంచి ఐదు ఎన్నికల్లోనూ రాష్ట్రం ఎటు వెళ్తే అటే వెళ్ళింది. బొత్స గెలిచినప్పుడు ఆయన పార్టీ ప్రభుత్వం, ఓడినప్పుడు ఎదుటివాళ్ళది. సర్వే కంపెనీలకి డబ్బు దండగ, చీపురుపల్లి సెంటర్లో వారం రోజులు టీ తాగితే సరిపోతుంది అనిపిస్తుంది నాకు.

సరిపోతుందా? అక్కడే ఇంకో చిక్కుంది. టీ తాగుతూ వాళ్ళు చెప్పాలి కదా.

2024 ఏప్రిల్లో మా చిన్నాన్నకి ఫోన్ చేశాను. కబుర్లన్నీ అయ్యాక మెల్లిగా అడిగాను, ఈసారి ఎటు చిన్నాన్నా అని. "ఏటుందిరా సెప్పడానికి. పింఛనొత్తంది. బాగానే ఉంది" అన్నాడు. నేను నా కాగితం మీద వైసీపీ వైపు ఒక గీత గీసుకున్నాను. ఫలితాలొచ్చిన రోజు మళ్ళీ ఫోన్ చేస్తే కూటమికి వేశానని చెప్పాడు. మరి నాకెందుకలా చెప్పావ్ అన్నాను. "అడిగినోడికల్లా సెప్తామేటి? నువ్వడిగింది పింఛను సంగతనుకున్నాను" అని నవ్వేశాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. బాగానే ఉంది అన్నది నిజం. కానీ బాగుండడమూ ఓటూ ఒకటే అని నేను అనుకున్నాను. పొలం కాగితాల మీద ముఖ్యమంత్రి బొమ్మ, ల్యాండ్ టైట్లింగ్ చట్టంతో భూమి ఏమవుతుందో అన్న భయం - అవి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు ఇదే ప్రశ్న నా బదులు వాలంటీర్ అడిగాడనుకోండి. అప్పట్లో రాష్ట్రంలో దాదాపు 2.6 లక్షల మంది వాలంటీర్లు ఉండేవారు, యాభై ఇళ్ళకి ఒకరు. నెలనెలా పింఛను చేతిలో పెట్టేవాడు గుమ్మంలో నిలబడి "అంతా బాగుందా?" అని అడిగితే ఎవరు మాత్రం బాగాలేదంటారు? ఆ జవాబులు పైకి వెళ్ళి, కలిసి, ఒక పచ్చటి డాష్‌బోర్డ్ అవుతాయి. మనందరం చూసినవే అలాంటి డాష్‌బోర్డులు. టెస్టింగ్ టీమ్ జీతం డెవలపర్ చేతిలో ఉంటే బగ్ రిపోర్టులు ఎలా ఉంటాయో అలా ఉంటాయి. పోలింగ్ అయ్యాక మూడు రోజులకి జగన్ విజయవాడలో ఐప్యాక్ ఆఫీసుకి వెళ్ళి 151 కన్నా ఎక్కువ వస్తాయని చెప్పారు. ఆయన నటించారని నేను అనుకోను. ఆయనకి కనిపించిన స్క్రీన్ మీద అలాగే ఉండి ఉంటుంది.

పైగా మా జిల్లాల ఓటర్లు సగం మంది ఇంట్లో దొరకరు. పనుల కోసం హైదరాబాద్, విజయవాడ, చెన్నై. మత్స్యకారులైతే గుజరాత్ వేరావల్ దాకా వెళ్తారు. ఫిబ్రవరిలో తలుపు తట్టిన సర్వేవాడికి ముసలివాళ్ళు దొరుకుతారు. మే నెలలో రైలు పెట్టెల్లో నిలబడి వచ్చి ఓటేసేవాడు ఆ శాంపిల్‌లో ఉండడు.

సర్వేవాళ్ళ పరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2019లో లగడపాటి రాజగోపాల్ తెలుగుదేశం అన్నారు, వైసీపీ వచ్చింది. 2024లో ఆరా మస్తాన్ వైసీపీ అన్నారు, కూటమి వచ్చింది. 2019లో జగన్‌ని గెలిపించిన వ్యూహకర్తగా పేరున్న ప్రశాంత్ కిషోర్ మాత్రం 2024 మార్చిలోనే ఆయన బాగా ఓడిపోతారని చెప్పారు. తిట్టించుకున్నారు కూడా.

చెప్పొచ్చేదేమిటంటే, సర్వేలో ముఖ్యమంత్రికి 39 శాతం అని కనిపిస్తే దాన్నిబట్టి ఏదీ తేలదు. 36తో గెలిచినవాళ్ళున్నారు. చూడాల్సింది మిగతా 61 శాతాన్ని. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారా? వాళ్ళని ఒక్కటి చేసే పని కుర్చీలో ఉన్నవాడే చేస్తున్నాడా? "బాగుందా?" అని అడిగేవాడికి జీతమిచ్చేది ఎవరు? ఈ మూడూ తెలిస్తే అంకె లేకపోయినా ఫలితం చెప్పొచ్చు.

2024లో గెలిచినవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. 19కి 19 అంటే మెచ్చుకోలు కాదు, ఆ ఏడాది అందరికీ ఒకే గుమ్మం దొరికిందని అర్థం. మా వాళ్ళు 2009లో కాంగ్రెస్‌కి 16 ఇచ్చారు, 2014లో తెలుగుదేశానికి 13, 2019లో వైసీపీకి 17, 2024లో కూటమికి 19. ఎవరికీ వరసగా రెండోసారి ఇవ్వలేదు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చిన్నాన్నని మళ్ళీ అడిగాను, ఇప్పుడెలా ఉందని. "బాగానే ఉందిరా" అన్నాడు.

ఈసారి నేను కాగితం మీద ఏ గీతా గియ్యలేదు.

తా.క.: అమెరికాలో గవర్నర్ కావాలంటే ఎన్నికల్లో గెలవాలి. మన దగ్గర ఆ బాధ లేదు. 2004లో కోలగట్ల ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడించిన అశోక్ గజపతిరాజు 2025 జూలైలో గోవా గవర్నర్ అయ్యారు. ఆ కోలగట్లని 2024లో విజయనగరంలో ఓడించింది ఆయన కూతురు అదితి గజపతిరాజు. ఇరవయ్యేళ్ళు పట్టింది. మా ఊళ్ళో ఎవరికీ తొందర ఉండదు.